ఏపీసెట్ చెల్లదంటున్నారు, రాజీనామా ఇచ్చి మళ్లీ చేరమంటున్నారు. ఏం చేయాలి?

బెంగళూరు తెలుగు అధ్యాపకులు, సిబ్బంది › సర్క్యులర్లు, సర్వీసు విషయాలు
2025 డిసెంబర్ చివరి వారం

కుప్పం కామర్స్

అందరికీ నమస్కారం. యలహంక వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో బీకాం పిల్లలకు అకౌంటెన్సీ చెబుతుండాను. ఎనిమిదేళ్లు దాటింది. పోయిన వారం ఆఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. యూజీసీ (యూనివర్సిటీలను చూసే కేంద్ర సంస్థ) అర్హత కాగితాలు జనవరి 10 లోపల ఇవ్వాలంట. అర్హత లేనోళ్లు రాజీనామా రాసిచ్చి, పదకొండు నెలల కొత్త ఒప్పందం మీద మళ్లీ చేరాలంట. ఆ ఒప్పందంలో జీతం అనే మాటే లేదు, 'కన్సాలిడేటెడ్ ఫీజు' అని ఉండాది.

నా దగ్గర ఏపీసెట్ (ఆంధ్రప్రదేశ్‌లో పెట్టే అధ్యాపక అర్హత పరీక్ష) ఉండాది, 2016ది. చేరేటప్పుడు అదే చూపించినా, ఎవరూ ఏమీ అన్లేదు. ఇప్పుడు హెచ్‌ఆర్ మేడమ్ 'ఇది కర్ణాటకలో చెల్లదు' అంటాది. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన 'జాతీయ అర్హత పరీక్ష నెట్టే తీసేసినారు, కొత్త రూలు వచ్చింది, భయపడాకు' అంటాడు. ఇంకొకాయన 'యూజీసీనే ఎత్తేస్తాండారు, ఇంక అర్హత ఎవరికి కావాల' అని నవ్వుతాడు. ఎవరి మాట పట్టుకోవాల?

వరంగల్ కెమిస్ట్రీ

అన్నా, ముందుగాల ఇది చెప్పు. సంతకం పెట్టినవా లేదా? పెట్టకుంటే ఆగు. మా కాలేజీల గిట్లనే ఇద్దరు తొందరపడి రాసిచ్చిండ్రు. తర్వాత అడుగుదామంటే 'మీరే ఇష్టంతోని రాజీనామా చేసిండ్రు' అని కాగితం చూపెడుతున్నరు.

కుప్పం కామర్స్

లేదు సార్, ఇంకా పెట్టలేదు.

స్టాఫ్‌రూమ్ పెద్దమ్మ (మోడరేటర్)

బాబూ, మీ సర్క్యులర్‌లో రెండు వేర్వేరు సంగతులు ఒకే కాగితం మీద కలిపేశారు. సెట్ చెల్లుతుందా అన్నది ఒకటి, రాజీనామా ఇవ్వాలా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు 'చెల్లదు' అయినంత మాత్రాన రెండోదానికి జవాబు 'ఇవ్వాలి' అయిపోదు. దీన్ని విడదీసుకోకపోతే ఎంత చర్చించినా తెగదు.

సెట్ సంగతి చెబుతాను. మీ హెచ్‌ఆర్ ఆవిడ చెప్పింది నిజమే. 2002 జూన్ 1 తర్వాత జరిగిన ఏ రాష్ట్ర సెట్ అయినా ఆ రాష్ట్రంలోని యూనివర్సిటీలు, కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికే పనికొస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీ పెట్టే ఏపీసెట్ ఆంధ్రప్రదేశ్‌కి, ఉస్మానియా పెట్టే టీజీసెట్ తెలంగాణకి, కేసెట్ కర్ణాటకకి. నెట్ ఒక్కటే దేశమంతా చెల్లుతుంది. హోసూరు దాటి ఇవతలికి వచ్చిన మన పిల్లలు ఏటా ఎంతోమంది ఈ గుమ్మంలోనే తల కొట్టుకుంటున్నారు. ఉద్యోగంలో చేర్చుకునేటప్పుడు కాలేజీలు కూడా చూసీచూడనట్టు ఊరుకుంటాయి.

కోలార్ కుర్రాడు

మేడమ్, మా చిన్నాయన అనంతపురంలో స్లెట్ (సెట్ లాంటి రాష్ట్ర పరీక్షే) పాసై ఇక్కడ ఎయిడెడ్ కాలేజీలో రిటైరైనారు. ఆయన్ని ఎవరూ అడగలేదే?

స్టాఫ్‌రూమ్ పెద్దమ్మ

ఏ సంవత్సరంలో పాసయ్యారో అడగండి. 2002 జూన్‌కి ముందయితే అది దేశమంతా చెల్లేది. నా స్లెట్ కూడా ఆ కాలందే. అందుకే 'ఫలానా ఆయనకి చెల్లింది కదా' అని ఎవరినీ ఉదాహరణగా తీసుకోకండి.

వరంగల్ కెమిస్ట్రీ

పీహెచ్‌డీ ఉంటే మరి?

స్టాఫ్‌రూమ్ పెద్దమ్మ

యూజీసీ 2009 లేదా 2016 పీహెచ్‌డీ నియమాల ప్రకారం వచ్చిన డిగ్రీ అయితే నెట్, సెట్ అక్కర్లేదు. 2018 నియమాల్లోనే ఉంది. యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్లలో నేరుగా చేరడానికి పీహెచ్‌డీ తప్పనిసరి చేస్తామని అప్పట్లో అన్నారు. 2023 జూలైలో గెజిట్ మార్చి, నెట్/సెట్/స్లెట్ కనీస అర్హత, పీహెచ్‌డీ ఐచ్ఛికం అన్నారు. కాబట్టి 'పీహెచ్‌డీ లేకపోతే ఉద్యోగం పోతుంది' అని ఎవరైనా బెదిరిస్తే ఆ గెజిట్ చూపించండి.

వీటీయూ మాస్టారు

'నెట్ తీసేశారు' అన్న మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. 2025 జనవరి 6న యూజీసీ ఒక ముసాయిదా విడుదల చేసింది, అధ్యాపకుల నియామకాలు, ప్రమోషన్లు, వైస్ ఛాన్సలర్ల ఎంపిక అన్నీ కలిపి. అందులో ఎంఈ, ఎంటెక్ 55 శాతంతో చేసినవాళ్లు నెట్ లేకుండా అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చని ఉంది. పేపర్లో పెద్దక్షరాల్లో 'నెట్ తప్పనిసరి కాదు' అని వేశారు. అంతే, కామర్స్ వాళ్లు, తెలుగు వాళ్లు, కెమిస్ట్రీ వాళ్లు అందరూ మిఠాయిలు పంచుకున్నారు. ఎంకాం వాళ్లకి ఆ వాక్యంలో ఏమీ లేదు.

అసలు సంగతేమిటంటే అది ముసాయిదా. ఏడాది కావస్తోంది, ఇంకా ముసాయిదాగానే ఉంది. తమిళనాడు అసెంబ్లీ జనవరి 9నే వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. ఫిబ్రవరి 5న మన బెంగళూరులోనే ఆరు రాష్ట్రాల ప్రతినిధులు కూర్చుని 15 అంశాలతో అభ్యంతరం చెప్పారు, కర్ణాటక, తెలంగాణ సహా. గొడవంతా వైస్ ఛాన్సలర్ని ఎవరు ఎంపిక చేయాలన్న దాని మీదే నడిచింది. మనలాంటి వాళ్ల మెడకి తగిలే ముక్కని ఎవరూ పట్టించుకోలేదు. 2018 నియమాల్లో కాంట్రాక్టు అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో 10 శాతం మించకూడదని ఉంది. ముసాయిదాలో ఆ హద్దు ఎగిరిపోయింది.

వరంగల్ కెమిస్ట్రీ

అంటే ముసాయిదా రాకముందే మా మేనేజ్‌మెంట్లు దాన్ని అమలు చేస్తున్నయన్నట్టు 😀

వీటీయూ మాస్టారు

అవును, మనకి నష్టమైన ముక్క మటుకు ముందే అమలు.

ఇక 'యూజీసీ ఎత్తేస్తున్నారు' సంగతి. డిసెంబర్ 15న లోక్‌సభలో వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్ బిల్లు పెట్టారు. యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, టీచర్ శిక్షణను చూసే ఎన్‌సీటీఈ మూడింటి స్థానంలో ఒకే వ్యవస్థ తేవాలని దాని ఉద్దేశం. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది. చట్టం కాలేదు. జనవరి 10న మీరు కాగితాలు ఇచ్చే రోజుకి యూజీసీ ఉంటుంది, 2018 నియమాలూ ఉంటాయి.

కోలార్ కుర్రాడు

సార్, బీసీఏ వాళ్లకి? మా కాలేజీలో బీసీఏ సెక్షన్లే ఎక్కువ.

వీటీయూ మాస్టారు

బీబీఏ, బీసీఏ 2024-25 నుంచి ఏఐసీటీఈ ఆమోదం కిందికి వచ్చాయి. కోర్సు ఆమోదం అక్కడ, కాలేజీ అనుబంధం యూనివర్సిటీ దగ్గర. ఇద్దరు అత్తల కోడలి బతుకు. దానికి వేరే చర్చ తెరవండి, ఇక్కడ కలిపితే కుప్పం ఆయన ప్రశ్న మునిగిపోతుంది.

క్యాష్ కౌంటర్

నేను పాఠాలు చెప్పేవాణ్ణి కాదు, కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. జీతాల బిల్లులు వేసేది మేమే కాబట్టి ఈ 'రాజీనామా, మళ్లీ చేరిక' వెనక లెక్క చెబుతా.

ప్రైవేటు కాలేజీ అధ్యాపకులకు గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసుని బట్టి వచ్చే మొత్తం) ఉంటుందని ఇప్పటికీ చాలామందికి తెలీదు. 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేట్టు చేశారు. ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 2022 ఆగస్టు 29న కోర్టు ఆ సవరణ సరైనదేనంది. ఐదేళ్లు నిండినవాడు ఉద్యోగం మానేస్తే, చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన సంవత్సరాలతో హెచ్చించాలి. ఆర్నెల్లు దాటిన ముక్కని పూర్తి సంవత్సరంగా లెక్కేస్తారు. బేసిక్, డీఏ 39,000 అనుకుందాం. ఏడాదికి 22,500. సర్వీసు ఎనిమిదేళ్ల ఏడు నెలలైతే తొమ్మిదేళ్లు, అంటే 2,02,500. గరిష్ఠం 20 లక్షలు.

ఇప్పుడు సర్క్యులర్ మళ్లీ చదవండి. రాజీనామా ఇవ్వమన్నారు. మంచిది. రాజీనామా ఇస్తే ముప్పై రోజుల్లో గ్రాట్యుటీ కట్టాలి. ఆ మాట కాగితంలో ఉందా? ఉండదు. డబ్బు ఇవ్వరు, సర్వీసు మాత్రం సున్నా నుంచి మొదలు. కాబట్టి హెచ్‌ఆర్‌ని అడగాల్సింది ఒక్కటే: 'ఇప్పటివరకు చేసిన సర్వీసుకి గ్రాట్యుటీ ఏ తారీకున ఇస్తున్నారు?' ఈ ప్రశ్న మెయిల్లో పెట్టండి. నోటితో అడిగితే నోటితోనే పోతుంది.

ల్యాబ్ అటెండర్ హెబ్బాళ

అన్నా, మాకు ప్రతి ఏప్రిల్‌లో ఆపేసి జూన్‌లో మళ్లీ రమ్మంటారు. దాన్ని బ్రేక్ అంటారు. అప్పుడు మాకు ఐదేళ్లు ఎప్పటికీ నిండవు కదా?

క్యాష్ కౌంటర్

నిండుతాయి తమ్ముడూ. పనివాడి తప్పు లేకుండా పని ఆగిపోతే దాన్ని సర్వీసు తెగినట్టు లెక్కేయకూడదని చట్టంలోనే ఉంది. దానికి తోడు పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే ఆ ఏడాది నిరంతర సర్వీసు కిందే వస్తుంది. సెలవు జీతం ఎగ్గొట్టడానికి వాడే బ్రేక్‌ని గ్రాట్యుటీకి కూడా వాడేస్తున్నారు. ప్రతి ఏడాది చేరిక ఉత్తర్వులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకో. ల్యాబ్ వాళ్లు, లైబ్రరీ వాళ్లు, ఆఫీసు వాళ్లు, అందరికీ ఇదే లెక్క.

అతిథి ఉపన్యాసకురాలు

నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక నియమావళులు అమల్లోకి వచ్చాయి కదా, ఏడాది చేస్తే చాలు గ్రాట్యుటీ అని ఒక వీడియోలో చెప్పారు. ఐదేళ్లు ఎందుకు అంటున్నారు?

క్యాష్ కౌంటర్

వీడియో వాళ్లు సగమే చెప్పారు మేడమ్. ఏడాదికే గ్రాట్యుటీ అన్నది నిర్ణీత కాలపు ఒప్పందం మీద ఉన్నవాళ్లకి. రెగ్యులర్ వాళ్లకి ఐదేళ్లే. ఇంకో మార్పు ఉంది, అది మనకి మంచిదే. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని కూడా 'వేతనం'లో కలిపి లెక్కేయాలి. బేసిక్ పన్నెండు వేలు చూపించి మిగతాదంతా అలవెన్సుల్లో పెట్టే కాలేజీల ఆట దానితో కొంత కట్టు.

అందుకే 'ఫీజు' అన్న మాట పుట్టుకొచ్చిందేమో అని నా అనుమానం. జీతం అయితే ఇవన్నీ తగులుకుంటాయి. ఫీజు అంటే మీరు ఉద్యోగి కాదు, బయటి నుంచి వచ్చి పాఠం చెప్పి పోయే సలహాదారు అన్నట్టు. పది శాతం టీడీఎస్ కోసి, జీతానికిచ్చే ఫారం 16 బదులు ఫీజుకిచ్చే 16ఏ చేతిలో పెడతారు. పీఎఫ్ ఆగిపోతుంది.

కుప్పం కామర్స్

పీఎఫ్ ఆగితే ఆగనీలే, చేతికి వచ్చేది పెరుగుతుంది కదా అని మా స్టాఫ్‌రూమ్‌లో కొందరు సంతోషపడతాండారు సార్.

క్యాష్ కౌంటర్

పీఎఫ్ పాస్‌బుక్ తీసి చివరి వరుస చూసుకోమనండి. మీ వాటా, యాజమాన్యం వాటా, పెన్షన్ వాటా అని మూడు ఉంటాయి. పెన్షన్ వరుసలో నెలనెలా 1,250 పడుతుంటే మీరు పెన్షన్ పథకంలో ఉన్నట్టు. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకి నెలవారీ పెన్షన్‌కి హక్కు వస్తుంది. మీకు ఎనిమిది దాటింది. ఇప్పుడు ఫీజులోకి మారితే ఆ గీతకి ఇవతలే ఆగిపోతారు. 2014 సెప్టెంబర్ 1 తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, అప్పటికే జీతం 15,000 దాటినవాళ్లకి ఆ వరుస ఖాళీగా ఉంటుంది, వాళ్లకి ఈ బాధ లేదు.

కుప్పం కామర్స్

చూసినా సార్. 1,250 పడతాండాది. ఇది ఎవరూ చెప్పలేదు.

నాగరభావి నుంచి

అందరూ మేనేజ్‌మెంట్‌ని దుమ్మెత్తి పోస్తున్నారు కాబట్టి అవతలి పక్షం ఒక మాట. నేను వైస్ ప్రిన్సిపాల్‌ని. అనుబంధం పునరుద్ధరణకి యూనివర్సిటీ నుంచి ఎల్‌ఐసీ (కాలేజీని తనిఖీ చేసే స్థానిక విచారణ సంఘం) వస్తుంది. మొదట అడిగేది అధ్యాపకుల జాబితా, పక్కన అర్హత గడి. ఆ గడి ఖాళీగా ఉంటే కొత్త సెక్షన్ రాదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ ఆఫీసు మా ఇంటి పక్కనే ఉన్నా, దాని కాగితాలకంటే నాకు ఈ ఎల్‌ఐసీ అంటేనే గుండె దడ. ప్రభుత్వ డిగ్రీ కాలేజీల అతిథి ఉపన్యాసకులకి కూడా ఈ ఏడాది యూజీసీ అర్హత దగ్గరే పెద్ద చిక్కు వచ్చింది. కాబట్టి అర్హత అడగడం వేధింపు కాదు. అడక్కపోతే మేము మునుగుతాం.

స్టాఫ్‌రూమ్ పెద్దమ్మ

అర్హత అడగడాన్ని ఇక్కడ ఎవరూ తప్పుపట్టలేదు సార్. ఎనిమిదేళ్లు తెలియనట్టు ఉండి, ఈ రోజు కొద్ది రోజుల గడువు పెట్టి, పైగా రాజీనామా కాగితం జత చేయడం గురించి అడుగుతున్నారు. నెట్ పాసవ్వడానికి రెండేళ్లు గడువివ్వవచ్చు కదా?

నాగరభావి నుంచి

ఇవ్వవచ్చు. మా దగ్గర ఇచ్చాం. రాజీనామా అడగడం నాకూ నచ్చలేదు.

అతిథి ఉపన్యాసకురాలు

ప్రభుత్వ కాలేజీ సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నా. 2023 నవంబర్‌లో మొదలైన సమ్మె తర్వాతే గౌరవ వేతనం సర్వీసుని బట్టి 5,000 నుంచి 8,000 దాకా పెరిగింది. అర్హత లేనివాళ్లంటే చదువు రానివాళ్లని అనుకోకండి. పదిహేనేళ్లు పాఠం చెప్పి, మార్కులు యూయూసీఎంఎస్‌లో (యూనివర్సిటీల ఆన్‌లైన్ వ్యవస్థ) ఎక్కించి, ఎన్నికల డ్యూటీ దాకా చేసినవాళ్లున్నారు. ఒకే స్టాఫ్‌రూమ్‌లో మూడో సంవత్సరం వాళ్లకి ఎన్‌ఈపీ (జాతీయ విద్యా విధానం) సిలబస్, మొదటి రెండేళ్ల వాళ్లకి 2024లో మళ్లీ తెచ్చిన మూడేళ్ల డిగ్రీ సిలబస్. ఆ రెంటినీ మోసేది వీళ్లే. నెట్‌కి చదవడానికి తీరిక ఎక్కడిది?

వరంగల్ కెమిస్ట్రీ

అక్క చెప్పింది నూటికి నూరు నిజం. అయినా రాయక తప్పది గదా. అన్నా, డిసెంబర్ నెట్‌కి దరఖాస్తు గడువు నవంబర్‌లనే పాయె. ఇప్పుడు జూన్‌ది పట్టుకో. కేసెట్ కూడా చూస్కో, దాన్ని ఇప్పుడు కేఈఏ (కర్ణాటక పరీక్షల సంస్థ) పెడుతున్నది. రెండు పేపర్లు కలిపి మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. తప్పు రాస్తే మార్కులు కొయ్యరు. వయసు పట్టింపు లేదు. ప్రశ్నలు ఇంగ్లీషుల, కన్నడల ఉంటయి.

కోలార్ కుర్రాడు

ఒక సంగతి మరిచినారు. వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లని కేసెట్‌లో జనరల్ మెరిట్ కిందే చూస్తారు. చిత్తూరు జిల్లా బీసీ సర్టిఫికెట్ ఇక్కడ పెట్టినా పనిరాదు. సుమ్మనే ఆశ పెట్టుకోవద్దు, జనరల్ వాళ్ల 40 శాతం మార్కుల గీత లెక్కతోనే చదువుకోండి. ఆ గీత దాటినా, రాసినవాళ్లలో పై 6 శాతంలో ఉండాల.

స్టాఫ్‌రూమ్ పెద్దమ్మ

కుప్పం గారూ, మీ జవాబు కాగితం ఇలా ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం. ఇంగ్లీషులో రాయండి, మర్యాదగా, ఒక పేజీ దాటకుండా.

'మీ సర్క్యులర్ అందింది. చేరినప్పుడు సమర్పించిన ఏపీసెట్ పత్రం మీ రికార్డులో ఉంది. కర్ణాటకలో చెల్లే అర్హత కోసం వచ్చే నెట్, కేసెట్ పరీక్షలు రాస్తాను, ఇందుకు తగిన గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నేను రాజీనామా చేయదలచుకోలేదు. ఉద్యోగ షరతులు మార్చే ఉద్దేశం ఉంటే, ఇప్పటివరకు చేసిన సర్వీసు, గ్రాట్యుటీ, పీఎఫ్ ఏమవుతాయో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు.'

'ఏపీసెట్ చెల్లుతుంది' అని మాత్రం వాదించకండి. ఓడిపోయే చోట నిలబడితే గెలిచే చోటు కూడా చేజారుతుంది. ఇంకో సంగతి, అర్హత పరిశీలన పేరుతో ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే చూపించి, వెంటనే వెనక్కి తీసుకోండి. బీరువాలో పెట్టుకుంటామంటే నకళ్లు ఇచ్చి సంతకం తీసుకోండి.

క్యాష్ కౌంటర్

ఒకే ఒక చేర్పు. ఒక్కరే పంపొద్దు. సర్క్యులర్ వచ్చినవాళ్లంతా ఎవరి కాగితం వాళ్లు పంపండి, మాటలు వేరైనా ప్రశ్న ఒకటే ఉండాలి. జవాబు రాకపోతే బన్నేరుఘట్ట రోడ్డు కార్మిక భవన్‌లో అడగొచ్చు, గ్రాట్యుటీ ఫిర్యాదులు కార్మిక శాఖ అధికారే వింటారు.

కుప్పం కామర్స్

ఆరుమందిమి ఈ రోజు మెయిల్ పెట్టినాం. ప్రిన్సిపాల్ సార్ పిలిచి, 'రాజీనామా మాట పక్కన పెట్టండి, పాలకమండలిలో మాట్లాడి చెబుతాం' అన్నారు. అర్హతకి గడువు ఎంతిస్తారో చెప్పలేదు. 'ఆ మాట కూడా మెయిల్లో ఇవ్వండి సార్' అని అడిగినా. నవ్వినారు గానీ ఇంకా ఇవ్వలేదు.

ల్యాబ్ అటెండర్ హెబ్బాళ

క్యాష్ కౌంటర్ అన్నా, మాకు ఇప్పటికే జీతం అని వేస్తున్నారా, ఫీజు అని వేస్తున్నారా అన్నది ఎట్లా తెలుసుకోవాల? పే స్లిప్ ఇవ్వరు.

క్యాష్ కౌంటర్

ఆదాయపు పన్ను పోర్టల్‌లో పాన్ నంబరుతో లాగిన్ అయి 26ఏఎస్ (నీ పేరు మీద కోసిన పన్నుల పట్టిక) తెరువు. పన్ను కోసి ఉంటే పక్కన సెక్షన్ నంబరు ఉంటుంది. 2025-26 దాకా అయితే 192 అంటే జీతం, 194జే అంటే ఫీజు. పన్ను కోయకపోతే అందులో ఏమీ కనపడకపోవచ్చు, అప్పుడు పీఎఫ్ పాస్‌బుక్ చూడు. దానికి కావాల్సిన యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి) నంబరు తెలియకపోతే ఆఫీసులో అడుగు, అది ఇవ్వనని అనడానికి వాళ్లకి వీల్లేదు.